అత్తగారు వేడెక్కారు

సెలవు ఇచ్చారన్న కబురు వచ్చినప్పుడు చిన్ని తలకు తడి తువ్వాలు చుట్టుకుని, నోట్లో రెండు పిన్నులు పట్టుకుని, అద్దంలో తనను తాను చూసుకుంటోంది. పెళ్ళయి సరిగ్గా మూడు వారాలు. ఈ మూడు వారాల్లో అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ ఆమెకు నవ్వు వస్తోంది. ఎందుకొస్తోందో ఆమెకే తెలియదు. ఫోను టింగుమంది. గ్రంథాలయంలో ఆమె పై అధికారి, అందరూ పెద్దసారు అని పిలిచే మనిషి, రాశారు: "రేపటి నుంచి మూడు రోజులు వెళ్ళిరండి. కానీ ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఆ దయ్యం పని మొదలుపెట్టాలి. మీరు లేనప్పుడు అది మాతో తెలుగులో మాట్లాడాలి."

పిన్నులు నేల మీద పడ్డాయి. చిన్ని పక్కగదిలోకి పరుగెత్తింది. అక్కడ ఆమె భర్త మంచం కింద చెయ్యి పెట్టి కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. ఊళ్ళో సగంమందికి కళ్ళద్దాలు చేసిపెట్టే దుకాణం అతనిది.

"ఏవండీ, సముద్రం."

"ఎక్కడ?" అన్నాడతను, మసకమసకగా చుట్టూ చూస్తూ.

రేపు ఏడింటి బండికి రెండు టిక్కెట్లు పది రోజుల క్రితమే తీసి ఉంచాడు. కిటికీ తీస్తే కెరటాలు కనిపించే గది కూడా మాట్లాడాడు. పెళ్ళయిన మర్నాడే వెళ్ళాల్సిన ప్రయాణం అది. గ్రంథాలయంలో పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి పుస్తకాల వివరాలు మార్చే పని అప్పుడే నెత్తిన పడి, సముద్రం ఆగిపోయింది. ఇప్పుడు సాయంత్రం ఐదు దాకా నిలబడితే చాలు, అదే కదలి వస్తుంది.

ఫోను మళ్ళీ టింగుమంది. నిన్నటిదాకా 'మా ఇల్లు' అని పేరున్న అత్తవారి వాట్సాప్ గ్రూపుకు అత్తయ్య పొద్దున్నే పేరు మార్చి 'మనవాళ్ళు' అని పెట్టి, అందులో చిన్నినీ చిన్ని వాళ్ళమ్మనూ చేర్చింది. చిన్నికి కాళ్ళు నేల మీద ఆనలేదు. వంటింట్లోకి వెళ్ళి, "అత్తయ్యా, చూశాను" అంది. అత్తయ్య, "చూశావా" అంది. ఆ సంతోషంలో చిన్ని తలకున్న తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసింది.

అత్తయ్య ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. కిటికీల మీద, ఫ్యాన్ల మీద, పుస్తకాల మీద ఆరేసిన తువ్వాళ్ళు కొన్ని వేలు చూసిన కళ్ళు అవి. "తువ్వాలు అక్కడ ఆరదమ్మా. కుర్చీ నానుతుంది" అంది, మామూలుగానే. చిన్ని "సరే అత్తయ్యా" అని, బయట వాన మొదలైందని చూసి, గొడుగు లాక్కుని బస్సు కోసం పరుగెత్తింది. తువ్వాలు కుర్చీ మీదే ఉండిపోయింది.

*

దయ్యం అంటే కంగారు పడనక్కర్లేదు. కంప్యూటర్లో ఎవరికీ కనిపించకుండా తెర వెనక పనిచేసే ప్రోగ్రామును డీమన్ అంటారు. పెద్దసారు ఆ మాట మొదటిసారి విన్నప్పుడు "దయ్యమా?" అన్నారు, గ్రంథాలయంలో ఆ పేరే స్థిరపడింది. చిన్ని పెట్టబోయే దయ్యం యంత్రాల నాడి చూస్తుంది. వేడెంత, భారమెంత, జ్ఞాపకంలో చోటెంత అని ప్రతి పది సెకన్లకూ కొలిచి రాసుకుంటుంది. అయితే దానికి సొంతంగా కళ్ళూ చెవులూ లేవు. వేడి చూడటానికొక ప్లగిన్, భారం చూడటానికొకటి, చూసింది మనుషులకు చెప్పడానికి ఇంకొకటి, ఇలా ఒక్కో పనికి ఒక్కో ప్లగిన్ తగిలించాలి. ఒక పెద్ద ఫైలులో వాటి పేర్లన్నీ వరసగా ఉంటాయి, ప్రతి పేరు ముందూ నిచ్చెన ముక్కలాంటి గుర్తుతో. గుర్తు ఉన్నంతసేపూ ఆ ప్లగిన్ నిద్రలో ఉంటుంది. చెరిపితే లేచి కూర్చుంటుంది.

ఇక ఆ యంత్రాల సంగతి. పాతదానికి పదకొండేళ్ళు. గ్రంథాలయంలో ఏ పుస్తకం కదలాలన్నా దాని అనుమతి కావాలి. పొద్దస్తమానం గొణుగుతూ ఉంటుంది, కాస్త పని చెబితే వేడెక్కుతుంది, అది లేకపోతే ఇల్లు గడవదు. చిన్ని ఉద్యోగంలో చేరకముందే దానికి 'అత్తగారు' అని పేరు పెట్టింది కార్డులక్క. పూర్వం సొరుగుల్లో పుస్తకాల కార్డులుండే కాలం నుంచీ అక్కడ పనిచేస్తున్నావిడ, ఇప్పుడు ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. కొత్త యంత్రం సరిగ్గా చిన్ని పెళ్ళి జరిగిన వారంలోనే దిగింది. దానికి ఏం పేరు పెట్టాలని ఎవరూ ఆలోచించలేదు. ఇనప బీరువాలో అత్తగారి పక్కనే 'కోడలు' వెలిసింది. ఈ పేర్ల సంగతి చిన్ని ఇంట్లో భర్తకు మాత్రం చెప్పింది. అత్తయ్యకు చెప్పడానికి సిగ్గేసింది.

పెద్దసారు షరతులు రెండు. సందేశాల్లో అంకెలు ఉండకూడదు, అంకెలు చూస్తే ఆయనకు చెమటలు పడతాయి. మనిషి మనిషితో చెప్పినట్టు పొట్టిగా ఉండాలి. చిన్ని వేడి ప్లగిన్ ముందున్న గుర్తు చెరిపింది. హద్దు అరవై డిగ్రీలన్నది లోపల పెట్టుకుని, పైకి రాయాల్సిన వాక్యం రాసింది. ఆ తర్వాత సందేశాలు పంపే ప్లగిన్‌ను తన వాట్సాప్ ఖాతాతో కలిపి, ఎవరికి పంపాలన్న చోట గ్రంథాలయం గ్రూపు పేరు కొట్టింది. పెద్దసారు ఎప్పుడో పెట్టిన పేరు అది. 'మనవాళ్ళు'.

ఆ పేరుతో వెతికితే ప్లగిన్‌కు రెండు గ్రూపులు కనిపించాయి. అది కొత్తదాన్ని పట్టుకుంది. తప్పు దానిది అనలేం. పొద్దున్నుంచీ చిన్ని మనసు కూడా అదే పట్టుకుని ఉంది.

చిన్ని ఫోను ఆ సమయంలో రేకు డబ్బాలో ఉంది. చదువుకునే గదిలో ఫోన్లు మోగకూడదని పెద్దసారు గుమ్మం దగ్గర బిస్కెట్ల డబ్బా ఒకటి పెట్టారు. లోపలికి వెళ్ళే ఉద్యోగులు ఫోను నోరు నొక్కేసి అందులో పడేయాలి.

పదిన్నరకు చిన్ని దయ్యాన్ని లేపింది. నిమిషం తిరక్కుండానే నల్లటి తెర మీద 'సందేశం చేరింది' అన్న వరస కనిపించింది. మొదటి దెబ్బకే పని చేసిందన్న మురిపెంలో, పొద్దున్నే అత్తగారికి అంత వేడి ఎందుకుందన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు.

*

ఇంట్లో ఏం జరిగిందో చిన్నికి సాయంత్రం దాకా తెలియదు. మనకు ఇప్పుడే తెలిస్తే నష్టం లేదు.

అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. మామయ్య బల్ల మీద గోడగడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఫోను టింగుమంది. అత్తయ్య చేయి తుడుచుకుని చూసింది. 'మనవాళ్ళు'లో కోడలి మొదటి మాట:

"అత్తగారు వేడెక్కారు."

అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కుర్చీ మీదున్న తువ్వాలు చూసింది. మామయ్య కూడా తన ఫోను చూసి, కళ్ళద్దాల పైనుంచి భార్యను చూశాడు.

"ఏమన్నావు పిల్లని?"

"తువ్వాలు అక్కడ ఆరదన్నాను."

"ఎలా అన్నావు?"

"నోటితోనే అన్నాను."

ఇంతలో చిన్ని వాళ్ళమ్మ ఫోను చేసింది. చిన్నపిల్ల, తెలియక ఏమైనా చేసి ఉంటే మనసులో పెట్టుకోవద్దని ఆవిడ బతిమాలుకుంది. "అయ్యో, నేను వేడెక్కలేదు వదినగారూ" అంది అత్తయ్య. వాన చప్పుడులో వినబడదేమోనని కాస్త గట్టిగా అంది. ఫోను పెట్టేశాక చిన్ని వాళ్ళమ్మ తన భర్తతో, బాగానే వేడెక్కారు అని చెప్పింది.

అక్కడ గ్రంథాలయంలో చిన్ని పెద్దసారు గుమ్మంలో నిలబడి, ముఖమంతా నవ్వుతో, "వచ్చిందా సార్?" అని అడిగింది.

పెద్దసారు ఫోను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "రాలేదమ్మా."

"వెళ్ళినట్టే చూపిస్తోంది సార్."

"వెళ్ళింది సరే. నా దగ్గరికి రాలేదు."

ముందు బల్ల దగ్గర కార్డులక్కను అడిగితే ఆవిడకూ రాలేదు. చిన్ని వెనక్కి వచ్చి ఆలోచించింది. ఒక్క ప్లగిన్ చాలడం లేదు కాబోలు. హద్దులు తగ్గించి ఇంకో రెండు లేపితే, ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది. జ్ఞాపకం చూసే ప్లగిన్ గుర్తు చెరిపింది. డిస్కులో చోటు చూసేదాని గుర్తు చెరిపింది. పొట్టిగా ఉండాలన్నది గుర్తుంచుకుని వాక్యాలు రాసింది. రెండూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి.

"అత్తగారికి జ్ఞాపకం తగ్గింది."

"అత్తగారి కడుపు నిండిపోయింది."

అవి ఇంటికి చేరేసరికి అత్తయ్య భోజనానికి కూర్చుని రెండోసారి వడ్డించుకోబోతోంది. చదివి, గరిటె తిరిగి గిన్నెలో పెట్టేసి, పళ్ళెం పక్కకు నెట్టింది. మొన్న కోడలిని పిలవబోయి కూతురి పేరు పెట్టి పిలిచిన సంగతి గుర్తొచ్చింది. పిల్ల అప్పుడు నవ్వేసి ఊరుకుంది. మనసులో లెక్క పెట్టుకుందన్నమాట.

అత్తయ్య కూతురు, అంటే చిన్నికి వదిన, ఆసుపత్రిలో నర్సు. వార్డు నుంచే ఫోను చేసి, కడుపు ఉబ్బరం ఎప్పటి నుంచి, మతిమరుపు ఎప్పటి నుంచి, రెండూ ఒకేసారి మొదలయ్యాయా అని వరసగా అడిగింది. అత్తయ్య ఏమీ లేదని చెప్పి ఫోను పెట్టేసి, ఇక ఈ ఇంట్లో నోరు విప్పకూడదని తీర్మానించుకుంది. ముప్పై ఏళ్ళు నూట ఇరవైమంది ఆడపిల్లలతో నెగ్గుకొచ్చిన మనిషి, ఒక్క తువ్వాలు దగ్గర ఓడిపోయింది.

అప్పటికి రెండైంది. పెద్దసారుకు ఇంకా ఏమీ రాలేదు. నెట్‌వర్క్ తెగితే దయ్యం గమనిస్తుందా లేదా చూద్దామని చిన్ని అత్తగారి వెనకనున్న తీగ ఒకటి పీకి చూసింది. గమనించింది.

"అత్తగారు పలకడం లేదు."

మామయ్య ఈ సందేశం చదివి భార్య వైపు చూశాడు. నిజంగానే పది నిమిషాలుగా ఆవిడ పలకడం లేదు. ఇంట్లో ఉన్నది తామిద్దరే. పిల్ల ఎక్కడో గ్రంథాలయంలో ఉంది. ఆయన లేచి కిటికీ వైపు చూశాడు, పైకప్పు చూశాడు, చివరికి బల్ల మీద విప్పి ఉన్న గోడగడియారాన్ని వెనక్కి తిప్పి లోపల కెమెరా ఏమైనా పెట్టారేమోనని భూతద్దంతో వెతికాడు.

తర్వాతిది భారం చూసే ప్లగిన్. దాని వాక్యం రాసేటప్పుడు చిన్ని కాస్త ఆలోచించింది కూడా. 'లోడు' అన్న మాట పెద్దసారుకు నచ్చదు.

"అత్తగారి భారం ఎక్కువైంది."

ఇది చిన్ని వాళ్ళమ్మ కూడా చదివింది. పెళ్ళయి మూడు వారాలు, కూతురు అందరూ చూసేచోట ఈ మాట రాసింది. వెంటనే అల్లుడికి ఫోను చేసింది. అల్లుడు ఒక పెద్దాయన ముక్కు మీద బరువైన చట్రం పెట్టి అద్దం మీద అద్దం మారుస్తూ, "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడుగుతున్నాడు. ఫోను ఆగకుండా మోగుతుంటే తీసి, 'మనవాళ్ళు' తెరిచి, పైనుంచి కింది దాకా చూసి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. వివరంగా రాయడానికి వ్యవధి లేదు. పెద్దాయన ఒంటికన్నుతో ఎదురుచూస్తున్నాడు. 'ఆ అత్తగారు వేరు, సాయంత్రం చెప్తాను' అని రాద్దామనుకున్నాడు. ఒక చేతిలో అద్దం ఉంది కనుక ఒక వేలితోనే కొట్టాడు. మొదటి 'ఆ' ఎగిరిపోయింది.

"అత్తగారు వేరు. సాయంత్రం చెప్తాను."

పంపేసి, ఫోను సొరుగులో పెట్టి, గండం గడిచిందనుకుని పనిలో పడ్డాడు.

"వేరు పెడతారట" అంది అత్తయ్య. గంటసేపటి మౌనం తర్వాత ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. గొంతులో కోపం లేదు. అందుకే మామయ్యకు భయం వేసింది.

*

మూడున్నరకు చిన్ని చివరి ప్రయత్నం చేసింది. అసలు పరీక్ష అది: అత్తగారిని ఆపితే ఆవిడ పని కోడలు అందుకుంటుందా? అత్తగారిని ఆపమని ఆజ్ఞ ఇచ్చింది. పెద్ద ప్రాణం కదా, వెంటనే ఆగదు. అలా ఆగేలోపు దయ్యం ఏమనాలో దానికీ ఒక వాక్యం రాసింది. ఈసారి తప్పిపోకుండా, ఒకసారి చెప్పి ఊరుకోకుండా, పది సెకన్లకోసారి చెప్పమంది.

ఇంట్లో, ఆసుపత్రిలో, చిన్ని పుట్టింట్లో, మూడుచోట్లా ఫోన్లు ఒకేసారి మొదలయ్యాయి.

"అత్తగారు ఇంకా కన్ను మూయలేదు. కోడలు సిద్ధంగా ఉంది."

"అత్తగారు ఇంకా కన్ను మూయలేదు. కోడలు సిద్ధంగా ఉంది."

పదకొండుసార్లు వచ్చింది. పన్నెండోదానికి మామయ్య గడియారం మూసేసి చెప్పులు వేసుకున్నాడు.

అత్తగారు అప్పటికీ కన్ను మూయలేదు. ఆజ్ఞ ఎక్కడో చిక్కుకుంది. చిన్ని విసిగిపోయి, అత్తగారిని మళ్ళీ మామూలుగా పని చేసుకోమని వదిలేసి, పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన ఫోను బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది, నిశ్శబ్దంగా. పెద్దసారు మంచి మనిషే. అందుకే ఆ మాట చెప్పడానికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"పొద్దున్నుంచీ ఒక్క ముక్క రాలేదమ్మా. మీరు ఊళ్ళో లేనప్పుడు ఆ పాతదానికి ఏమైనా అయితే మాకెలా తెలుస్తుంది? సగం పుస్తకాల వివరాలు ఇంకా దాంట్లోనే ఉన్నాయంటున్నారు కదా. సముద్రం ఎక్కడికీ పోదు. వచ్చే నెల చూద్దాం."

చిన్ని తలాడించి బయటికి వచ్చింది. రేపటి బండి గురించి భర్తకు చెప్పాలి. రేకు డబ్బాలోంచి ఫోను తీసింది. 'మనవాళ్ళు'లో నూట నలభై సందేశాలు. తెరిచింది.

మొదట ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ తర్వాత అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది. తన పేరు కింద, తన పెళ్ళినాటి ఫొటో పక్కన, పొద్దున్నుంచీ రాసినవన్నీ వరసగా ఉన్నాయి. సముద్రం సంగతి అప్పుడే మరిచిపోయింది. పొద్దున తనను మనవాళ్ళలో చేర్చిన మనిషి ఇవన్నీ ఒక్కొక్కటిగా చదివిందన్నది ఒక్కటే తల్లో తిరుగుతోంది. ఇంటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ళంతా ఆ పాటికి గ్రంథాలయం మెట్లెక్కుతున్నారు.

ముందు అత్తయ్య, వెనక ఒకే గొడుగు కింద మామయ్యా, రక్తపోటు చూసే సంచీతో నర్సు వదినా. అదే సమయానికి మరో ఆటో దిగి చిన్ని వాళ్ళమ్మ. అత్తయ్య ముందు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మా కోడలు ఎక్కడుంది?"

కార్డులక్క పని ముఖ్యమనుకునే మనిషి. పెద్దసారు పైఆఫీసు వాళ్ళు ఎవరో యంత్రాలు చూడటానికి వస్తారని వారం నుంచీ చెబుతున్నారు. వీళ్ళే వాళ్ళనుకుని ఆవిడ తల ఎత్తకుండానే, "కోడలు లోపల బీరువాలో ఉందండి. అత్తగారి పక్కనే పెట్టి తాళం వేశాం" అంది.

నర్సు వదిన సంచీని రెండు చేతులతో పట్టుకుంది.

"మొన్నటిదాకా అత్తగారొక్కరే ఉండేవారు" అని కార్డులక్క కొనసాగించింది. "కోడలు వచ్చాక సగం పని తగ్గింది. మొత్తం అందుకోగానే అత్తగారిని తీసేస్తారు."

చిన్ని లోపలి నుంచి పరుగున వచ్చేసరికి నలుగురూ ఆ బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఆమె అత్తయ్య చేయి పట్టుకుని, నడిపించుకుంటూ లోపలి గదికి తీసుకెళ్ళి ఇనప బీరువా తలుపు తీసింది.

"ఇదీ అత్తగారు" అంది. "ఇది కోడలు."

బీరువాలో పైన దుమ్ము పట్టిన నల్లపెట్టె, కింద మెరిసే నల్లపెట్టె. పై పెట్టె బస్సులా రొద పెడుతోంది. చిన్ని ఏడుపూ నవ్వూ కలిపి, దయ్యం సంగతి, ప్లగిన్ల సంగతి, ఒకే పేరున్న రెండు గ్రూపుల సంగతి గబగబా చెప్పుకొచ్చింది. కడుపు అంటే డిస్కు. పలకకపోవడం అంటే తీగ. కన్ను మూయడం అంటే ఆగిపోవడం. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య మాత్రం, గడియారంలో ఏమీ లేదన్నమాట అని స్థిమితపడ్డాడు.

"నేను మిమ్మల్ని ఎప్పుడైనా అత్తగారు అన్నానా?" అంది చిన్ని. "అత్తయ్యా అనే కదా పిలుస్తాను."

"అందుకే భయమేసింది" అంది అత్తయ్య. "పొద్దున అత్తయ్యని, పదిన్నరకల్లా అత్తగారినైపోయాను. ఒక్క తువ్వాలుకే."

ఆ మాట అంటూ ఆవిడ, ఎందుకో, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు పై పెట్టె మీద అరచెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది.

"ఇది నిజంగానే కాలిపోతోంది కదే."

చిన్ని తెర వైపు తిరిగింది. పొద్దున్నుంచీ ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్న గొడవే తప్ప, దయ్యం ఏం చెబుతోందో ఆమె ఒక్కసారి కూడా వినలేదు. వేడి ప్లగిన్ రాసుకున్న గీత పదిన్నర నుంచి మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. హద్దు అరవై, ఇప్పుడు ఎనభై ఎనిమిది. తొంభై అయిదు దాటితే అత్తగారు నిజంగానే కన్ను మూస్తారు, ఇంకా కోడలికి అప్పగించని అరవై వేల పుస్తకాల వివరాలతో సహా. ఈ లెక్కన రేపు తెల్లవారేలోపే. దయ్యం చెప్పిన మొదటి మాటే నిజం. చిన్ని చల్లగాలి యంత్రం చూసింది, తిరుగుతోంది. పంకాలు చూసింది, తిరుగుతున్నాయి.

అత్తయ్య ముక్కు ఎగబీల్చింది. "ఇక్కడ తడిబట్ట వాసన వస్తోంది."

ఇంకెవరికీ రావడం లేదు. ఆవిడ బీరువా వెనక్కి తొంగి చూసింది. వెనక గోడలో ఒక జాలీ కిటికీ ఉంది. యంత్రాల వేడిగాలి అందులోంచి బయటికి పోతుంది. వెలుతురు రావాల్సిన చోట మసకగా, నీలంగా ఉంది. ఆవిడ ఇంకేమీ అడగకుండా గది దాటి, వసారా తిరిగి, గోడకు అవతలి వైపు వెళ్ళింది. అందరూ వెనకే వెళ్ళారు. అది పెద్దసారు గది పక్కన చేతులు కడుక్కునే చోటు. జాలీ మీద ఆ మూల నుంచి ఈ మూలకు, ముడత లేకుండా, నీలం రంగు దళసరి తువ్వాలు ఒకటి పరిచి ఉంది.

"ఈ తువ్వాలు ఎవరిది?"

ఆ గొంతు ముప్పై ఏళ్ళ హాస్టల్ నాటిది. నర్సు వదిన తనకు తెలియకుండానే చేతులు వెనక్కి కట్టుకుంది. సందడి విని పెద్దసారు తన గదిలోంచి బయటికి వచ్చారు. అటూ ఇటూ చూశారు. తప్పించుకునే దారి లేదు.

"నాదేనండి" అన్నారు. "పొద్దున వానలో తడిశాను. ఇక్కడ ఎందుకో వెచ్చగా గాలి వస్తుంటే... త్వరగా ఆరుతుందని."

"ఆరకేం చేస్తుంది? దాని ఊపిరి మీద ఆరేశారు" అంది అత్తయ్య. "తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. పెద్దవారు, మీకు చెప్పేటంతదాన్ని కాదు."

చెప్పేసింది కూడా. పెద్దసారు తువ్వాలు తీసి మడిచి చంకలో పెట్టుకున్నారు. జాలీలోంచి గుప్పుమని వేడిగాలి కొట్టింది. అయిదు నిమిషాల్లో గోడ అవతల బస్సు రొద సన్నగిల్లి, ఎప్పటి గొణుగుడులోకి దిగింది. చిన్ని తెర దగ్గరికి వెళ్ళి గీత చూసింది: దిగుతోంది. గడియారం చూసింది: ఐదుకు పది నిమిషాలు. పంపే ప్లగిన్‌లో పేరు బదులు గ్రంథాలయం గ్రూపు సంఖ్య కొట్టింది. పెద్దసారు జేబులో ఫోను తొలిసారి టింగుమంది.

ఆయన చదువుకుని, తలెత్తకుండానే, "రేపు ఎన్నింటికమ్మా మీ బండి?" అన్నారు. వెంటనే ఇంకో మాట కూడా అన్నారు: ఇంతమందిని ఇబ్బంది పెట్టిన ఆ పేర్లు రెండూ మార్చేద్దామని.

"ఎందుకండీ?" అంది అత్తయ్య. "మా ఇంట్లో నేను అత్తయ్యని. ఆ పేరు ఖాళీగానే ఉంది, దాన్నే ఉంచుకోనివ్వండి."

చిన్ని వాళ్ళమ్మ అప్పటిదాకా కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది. "అయితే వేరు కాపురం లేదా వదినగారూ?" అంది. సరిగ్గా అప్పుడు దుకాణం మూసుకుని, వానకు తడిసిన కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని, చిన్ని భర్త గుమ్మంలోకి వచ్చాడు. ఒక్క 'ఆ' మింగినందుకు అతనికి ఎవరెవరు ఏమన్నారో ఇక్కడ రాయనక్కర్లేదు. మసకగా కనిపిస్తున్న అందరి మధ్యలో నవ్వుతున్నది తన భార్యేనని అతను గుర్తుపట్టాడు, అది చాలు.

ఇంటికి వెళ్ళగానే చిన్ని చేసిన మొదటి పని, కుర్చీ మీది తువ్వాలు తీసి తాడు మీద వేయడం. రెండో పని, అత్తయ్య అడిగితే, ఆవిడ నంబరును కూడా దయ్యం జాబితాలో చేర్చడం. ఆరున్నరకు ఆ ఫోనుకు మొదటి సందేశం వచ్చింది: "అత్తగారు చల్లబడ్డారు." అది చూపిస్తే మామయ్య, వీళ్ళు చెప్పాలా, నాకు కనబడుతూనే ఉంది అన్నాడు.

చిన్ని పెట్టె సర్దుతూ ఉండగా 'మనవాళ్ళు'లో అత్తయ్య రాసింది: "రేపు ఏడింటి బండికి పిల్లలిద్దరూ సముద్రానికి. పదింటికి నేను గ్రంథాలయానికి, అత్తగారిని చూసి రావడానికి. ఆ మూడు రోజులూ రోజూ వెళ్తాను." పొరపాటు మళ్ళీ జరగకూడదని చిన్ని ఆ కబురును జాగ్రత్తగా గ్రంథాలయం వాళ్ళ 'మనవాళ్ళు'లో కూడా పెట్టింది.

గ్రంథాలయం మూసే ముందు పెద్దసారు నీలం తువ్వాలును సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయారు.